విత్తువాని బొమ్మ



మా సంఘములో నాపరాతి గనిలో పనిచేయు ఒక సహోదరుడు కలడు. బేతంచెర్ల నాపరాళ్లను మీరెరుగుదురు. మీలో అనేకుల ఇండ్లలో పరచియున్నవి అవియే. ఆయన పెద్దకుమార్తె చిన్ననాట బడి పలకమీదకంటె గనియొద్ద పారవేసిన రాతిముక్కలమీదనే ఎక్కువగా గీచినది. ఒక ఆదివారమున మా మందిరపు అరుగుమీద ఆమె సుద్దతో గీచిన ఎద్దును త్రొక్కుటకు మనసొప్పక, ఆరాధనకు వచ్చినవారు ప్రక్కగా నడచిపోయిరి.

ఇంటర్మీడియట్ ముగిసిన తరువాత ఆ పిల్ల బొమ్మల చదువు చదువుదునని పట్టుబట్టెను. కడపలో 2020వ సంవత్సరమున స్థాపించిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో ఆ నాలుగేండ్ల చదువున్నది. తండ్రి నాయొద్దకు వచ్చి సలహా అడిగెను. నర్సింగు మేలని నేను చెప్పితిని. "బొమ్మలు కూడు పెట్టునా?" అని కూడ అంటిని. గుమ్మము వెలుపల నిలిచి ఆమె ఆ మాట విన్నదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. తల్లి తన చెవి కమ్మలు కుదువబెట్టి ఫీజు కట్టెను. మూడేండ్లు ఆ పిల్ల సెలవులకు వచ్చినప్పుడెల్ల నాకు వందనము చేయుచునే యుండెను గాని, తన బొమ్మల పుస్తకమును మాత్రము నాకు చూపలేదు.

చివరి సంవత్సరమున చూపవలసి వచ్చెను. ఆ యేట ప్రతి విద్యార్థియు ఒక పెద్ద పనిని తానే యెంచుకొని, సంవత్సరమంతయు దానిమీద పాటుపడి, పరీక్షకుల యెదుట పెట్టవలెనట. ఆమె విత్తువాని ఉపమానమును ఎంచుకొనెను. అక్షరము రాని మా అవ్వలు సహితము పుటలు త్రిప్పి కథ తెలిసికొనునట్టి పుస్తకము చేయవలెనని ఆమె కోరిక. "అయ్యగారూ, ఉపమానమును మీరొకసారి వివరముగా చెప్పండి" అని వచ్చి కూర్చుండెను. ఇరువదియైదు సార్లైనను ప్రసంగించినవాడను గనుక నేను సంతోషముగా చెప్పితిని.

ఆమె తెచ్చిన మొదటి బొమ్మ చూచి నేను ఆశ్చర్యపడితిని. పొడవాటి అంగలతో, చేయి చాచి గింజలు చల్లుచున్న బలిష్ఠుడు. చిన్నప్పుడు సండేస్కూలు గోడమీద వ్రేలాడిన బొమ్మలలోని వానివలెనే యుండెను. "చాల బాగున్నది" అంటిని. ఆమె మాత్రము తల వంచుకొని, ఇది తనది కాదనెను. మిలే అను ఫ్రెంచి చిత్రకారుడు 1850లో చిత్రించిన విత్తువానిని ఫోనులో చూచి గీచినదట. ఆమె గురువుగారు దానిని చూచి, "ఇట్లు చల్లు మనిషిని నీవు మీ ఊరిలో చూచితివా?" అని ఒక్క ప్రశ్న వేసి ప్రక్కన పెట్టిరట. ఆ మిలే బొమ్మనే వాన్ గో కూడ అనేకసార్లు చూచి గీచి, తుదకు 1888లో ఆర్ల్ పొలములలో పెద్ద సూర్యుని క్రింద తన విత్తువానిని తాను చిత్రించుకొనెనని ఆమెయే నాకు చెప్పెను. ఆ వాన్ గో ఒక పాదిరిగారి కుమారుడనియు, బొగ్గుగనుల కూలీలకు సువార్త చెప్పబోయి ఆ పనిలో నిలువలేకపోయినవాడనియు నేనెరుగుదును. ఆయన గీచిన విత్తువారిని మాత్రము ఎరుగను!

రెండవ బొమ్మలో ఆమె మన గొర్రును గీచెను. ఎద్దులు, జడ్డిగము, అందులో గింజలు పోయుచున్న స్త్రీ, అన్నియు సరిగానున్నవి. మన సీమలో వేరుసెనగయైనను సెనగయైనను గొర్రుతోనే గదా వేయుదురు! ఆదివారము సాయంకాలము మందిరము ముందర కూర్చున్న అవ్వలకు ఆమె ఆ బొమ్మను చూపెను. ఒక అవ్వ దానిని కండ్లదగ్గరికి తెచ్చుకొని చాలసేపు చూచి, "బాగుంది గానీ మ్మే, గొర్రుతో ఏస్తే గింజ సాల్లోనే పడతాది. దోవలో ఎట్ల పడతాది?" అనెను.

మేమందరము నవ్వితిమి. ఆ పిల్ల నవ్వలేదు. మొదటి యేట ఎవరైన తన బొమ్మను కాదన్నచో కంట నీరు పెట్టుకొనునదని వాళ్లమ్మ చెప్పియున్నది. ఇప్పుడు పెన్సిలు తీసి, "మరి చేత్తో ఏవి చల్లుతారు అవ్వా?" అని అడిగెను. "ఉలవలు" అని అవ్వ చెప్పెను. వానలు వెనుకబడిన యేడు వేరే పంట పోయిన చేలలో మనవారు ఉలవలు చల్లుదురు. సెప్టెంబరు నెలలో వాన పడిన మరునాడే ఆమె బస్సెక్కి వచ్చి, ఆ అవ్వతో చేనికి పోయి, మధ్యాహ్నమువరకు గట్టుమీద కూర్చుండి గీచెను. నేనును చూడబోతిని. పుటలనిండ చేతులే! గింజలున్న కొంగు నడుమున దోపిన విధము, పిడికిలి విప్పుచున్నప్పుడు బొటనవ్రేలు ఎచ్చట నుండునో, గింజ చేతిని విడిచిన తరువాత చేయి ఎట్లు ఖాళీగా ఊగునో. ముఖము ఒక్కటియు లేదు. పిట్టలను కూడ అచ్చటనే మార్చెను. ఆమె పిచ్చుకలను గీచియుండగా, ఈ చేలకు వచ్చునవి గువ్వలని అవ్వ చెప్పినది.

ఈ మధ్యకాలమున ఆమె సాయంకాలములు కడపలో ఒక ఫ్లెక్సీ అంగడిలో పనిచేయుచుండెను. మా మంచి శుక్రవారపు కూడికల ఫ్లెక్సీలో నన్ను నేనే గుర్తుపట్టలేనంత తెల్లగా చేసినది ఆమెయే. ఆ పనివలన ఇంటికి కొంత డబ్బు వచ్చెను, చేతికి వేగము వచ్చెను. అయితే అందరి ముఖములు నవ్వుచు ఒకే కొలతలో నుండుట ఆమె చేతికి అలవాటైపోయెను. దానిని వదలించుటకు గురువుగారు పాత చందమామ సంచికలు ముందు పెట్టిరట. 1947 జూలైలో ఆ పత్రికను ప్రారంభించిన నాగిరెడ్డిగారు మన కడప జిల్లావారే. శంకర్ అను చిత్రకారుడు 1952లో అందులో చేరి, శవమును భుజమున వేసికొని కత్తితో నడచు విక్రమార్కుని గీచెను. 2020లో, తొంబదియారేండ్ల యేట, ఆయన కన్నుమూసెను. ఆ ఒక్క బొమ్మ ఎన్నివేల రాత్రులు పిల్లలకు కథ చెప్పెనో! "మాటలు చెప్పినదానినే మరల చెప్పక, మాటలు చెప్పనిదానిని చూపవలెనయ్యగారూ" అని ఆమె నాకు బోధించెను. బోధకునికే!

ఫిబ్రవరిలో కాగితములు మడిచి దారముతో కుట్టి, నమూనా పుస్తకము తెచ్చి నా బల్లమీద పెట్టెను. రెండు పుటలమీదుగా గీచిన పెద్ద బొమ్మలో అవ్వ చేయి సరిగా కుట్టుదగ్గర మడతలోనికి పోయి కనబడకుండెను. వారము దినములు పట్టిన బొమ్మ. ఆమె ఏమియు అనక దారము విప్పెను. చేతిని కుడిప్రక్కకు జరిపి, ఆ పుట మరల మొదటినుండి వేసెను.

ఇక రాతినేల పుట మిగిలెను. నేను చెప్పిన ప్రకారమే రాళ్లు నిండిన చేను గీచి, రాళ్ల సందులలో వాడిన మొలకలు చూపెను. ఏప్రిల్ నెలలో ఒక రాత్రి ఆమె తండ్రి గనినుండి వచ్చి, కాళ్లు కడుగుకొనకయే ఆ బొమ్మముందు నిలిచెను. అప్పుడు నేనును వారింటనే యుంటిని. మూడేండ్లలో ఆయన ఆ బొమ్మలగూర్చి ఒక్క మాటయైన అనలేదు.

"ఇట్ల రాళ్లుంటే పైరు ఎండదు" అని ఆయన అనెను. "రాళ్ల కింద తడి నిలుస్తాది. మన గనిపైన చేను చూడు. జానెడు మన్ను, కింద అంతా బండ. వాన పడితే అందరికంటే ముందు మొలిచేది ఆడనే. నాలుగు రోజులు ఎండ కాస్తే ముందు మాడేదీ ఆడనే. ఏరు దిగేదానికి తావు యాడుంది?"

సెమినరీలో వ్యాఖ్యానము చదివినప్పుడు సరిగా ఈ మాటనే నేను చదివియుంటిని. మన్ను లోతులేని బండ అని గురుతు కూడ పెట్టుకొంటిని. అయినను ఇన్నియేండ్లు రాళ్లకుప్పలనే ప్రసంగించితిని. గనిలో బ్రతుకు వెళ్లదీయుచున్న మనుష్యులకే!

మరునాడు తండ్రియు కుమార్తెయు కలిసి గనికి పోయిరి. త్రవ్విన అంచున భూమి నిలువునా తెగి కనబడును. పైన జానెడు ఎర్రమన్ను, దాని క్రింద పొరలు పొరలుగా నాపరాయి. ఆమె ఆ అంచునే పుటగా చేసెను. పైన రెండు ఆకుల పచ్చని మొలక, క్రింద పుటంతయు బూడిదరంగు బండ. సాయంకాలము దీపముక్రింద ఆమె వేరు గీచుచుండగా తండ్రి వెనుక నిలిచి చూచుచుండెను. నేను నర్సింగుమాట గుర్తుచేసికొని క్షమాపణ అడుగవలెనని వచ్చి, వారి పని నడుమ నోరెత్తలేక గుమ్మముదగ్గరనే నిలిచితిని.

"బండ తగిలినాక ఏరు ఆగదు మ్మే" అని ఆయన వ్రేలుతో చూపెను. "పక్కకు తిరుగుతాది. ఇంకా కొంచెం తిప్పు."

ఆమె రబ్బరు తీసికొని గీచిన వేరు చెరిపి, ప్రక్కకు త్రిప్పెను.