చూపుడు వేలు

మూడేళ్ల వయసులో తట్టు పోసి ఆయన కళ్లు పోయాయి. రావులపాలెం దగ్గర పల్లెలో పిల్లలకి ఖురాన్ నేర్పుతారు. ఖురాన్ అంతా కంఠస్థం కాబట్టి ఊరంతా హాఫిజ్ గారనే పిలుస్తారు. షుగరుకి పదకొండేళ్లుగా రాజమండ్రిలో నా దగ్గరే వైద్యం. ఓ వేసవిలో వచ్చి, "అక్షరాలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయండి డాక్టరు గారూ" అన్నారు.

తప్పు కాగితానిదే అనుకున్నారట ముందు. ముసురు పడితే మా లంకల్లో కాగితం మెత్తబడిపోతుంది, బ్రెయిలీ చుక్కలు అణిగిపోతాయి. ఎండలు ముదిరినా అలాగే ఉండేసరికి భయం పట్టుకుంది.

మొత్తం కంఠస్థం వచ్చినవారికి పుస్తకంతో పనేమిటని అడిగాను. "ఒకేలా ఉండే ఆయత్‌లు, అంటే వాక్యాలు, చాలాచోట్ల వస్తాయండి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతాం. వేలు పెట్టి చూసుకుంటేగానీ నమ్మకం కుదరదు." ఫోనులో వినొచ్చు కదా అన్నాను. "అది వాళ్లు చదివింది కదండీ."

సంచిలోంచి బ్రెయిలీ ఖురాన్ సంపుటం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అచ్చులో అరబ్బీ కుడినుంచి ఎడమకి నడుస్తుంది, బ్రెయిలీలో మాత్రం ఎడమనుంచి కుడికి. అక్షరం పైనా కిందా ఉండే జబర్, జేర్, పేష్ అనే స్వరాల గుర్తులకి ఇక్కడ దేని చుక్కల గడి దానిదే. అందుకే ఒక్క ఖురాన్ ఇన్ని లావుపాటి సంపుటాలవుతుంది.

గడిలో చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం సుమారు 2.5 మిల్లీమీటర్లు. బాగున్న వేలికొస రెండు మొనలని విడివిడిగా పట్టుకోగలిగేది కూడా 2, 3 మిల్లీమీటర్ల ఎడంలోనే. స్పర్శ రవ్వంత మొద్దుబారితే చాలు, అక్షరం చెదిరిపోతుంది.

జెమ్‌క్లిప్ వంచి రెండు మొనలతో తాకి చూశాను. చిటికెన వేలు 3 మిల్లీమీటర్లకే "రెండు" అంది. కుడి చూపుడు వేలికి 5 పెట్టినా "ఒకటే" అన్నారు. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే సాధారణంగా ముందు పాదాల్లో తెలుస్తుంది. ఆయన పాదాలు బాగానే ఉన్నాయి. వేలిని దీపం కిందికి తిప్పాను. కొసంతా నల్లటి సూదిపోట్లు, చర్మం కాయ కాసి ఉంది.

"రక్తం ఏ వేలినుంచి తీస్తున్నారు?"

"ఇదేనండి. మొదట్లో మీరు చూపించిందే."

నిజమే. షుగరు చూసుకునే మిషను వాడటం నేర్పిన రోజు ఆ వేలే పట్టుకుని గుచ్చి చూపించాను. ఆ మనిషి దేంతో చదువుతారో అడగాలని నాకు తట్టలేదు. నేరమంతా సూదిదే అనను. మణికట్టు దగ్గర నరం కూడా కొంత ఒత్తుకుంటోంది. కానీ రోజూ రెండుసార్లు, అన్నేళ్లు, ఆయన చూపులోనే సూది దిగింది.

ఎడమ ఉంగరపు వేలి పక్కన గుచ్చుకోమన్నాను. రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ వేయించాను. ఇప్పుడు చూపు లేనివారు ఎవరొచ్చినా చదివే వేలేదో అడిగి చీటీ మీద రాసుకుంటున్నాను.

నాలుగు నెలలకి మళ్లీ వచ్చారు. పూర్తిగా కాదుగానీ చుక్కలు విడివడుతున్నాయన్నారు. కండువాతో చెయ్యి తుడుచుకుని, నా బల్ల మీదే పుస్తకం తెరిచారు. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చి, ముందుకు సాగింది.