లాగర్ ఊళ్ల నుంచి బావకు ఉత్తరాలు

ప్లజెన్, చెక్ దేశం
అక్టోబరు

బావా,

"లాగరంటే కంపెనీ సరుకు. క్రాఫ్ట్ బీరు అనిపించుకోవాలంటే ఏల్ ఉండాలి, ఐపీఏ ఉండాలి, కనీసం గోధుమ బీరైనా ఉండాలి. ఆ బంగారు రంగు నీళ్లు ఏ ఊళ్లో తాగినా ఒక్కటే" అని కదా నీ వాదం. మిషిగన్‌లో ఉన్న మన చిన్నోడు ఇంట్లో లాగర్ చేస్తానంటే నువ్వు నవ్వడానికి కారణమూ అదే. నీ మాటలో సగం నిజముంది. ప్రపంచంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం లాగరే, అందులో ఎక్కువ భాగం పెద్ద ఫ్యాక్టరీలదే. మన వైన్ షాపుల్లో దొరికే "స్ట్రాంగ్" కూడా ఆ కుటుంబంలోదే. కాని ఇవాళ ఎవరి చేతిలో ఉందన్నది ఒక సంగతి, ఎవరి చేతుల మీదుగా పెరిగిందన్నది ఇంకో సంగతి. చలిలో నిదానంగా పులియబెట్టి నిలవ ఉంచే ఈ లాగర్ ఫ్యాక్టరీలో పుట్టలేదు. ఊళ్లలో, ఇళ్ల కింద తవ్వుకున్న నేలమాళిగల్లో పెరిగింది. ఫ్యాక్టరీ చాలా ఆలస్యంగా వచ్చి దాన్ని అందుకుంది. కాబట్టి చిన్న బ్రూవరీవాడు గాని, ఇంట్లో చేసుకునేవాడు గాని లాగర్ జోలికి వెళ్తే కంపెనీని అనుకరించినట్టు కాదు. దారిపొడవునా నీకు రాసే ఉత్తరాల్లో నిలబెట్టాలనుకుంటున్నది ఈ ఒక్క మాటే.

ముందు ఈ ఊరి సాక్ష్యం విను. 1295లో రాజు రెండో వాక్లవ్ ప్లజెన్‌ను కట్టించినప్పుడు ఇక్కడి పౌరుల ఇళ్లకు బీరు కాచుకునే హక్కు ఇచ్చాడు. శతాబ్దాలు గడిచాక ఆ బీరు నాణ్యత బాగా దిగజారింది. 1838లో పాడైపోయిన 36 పీపాల బీరును టౌన్ హాలు ముందు పారబోశారని ఊరి చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత ఏం చేశారో చూడు. ఎవరో షావుకారు వచ్చి ఫ్యాక్టరీ పెట్టలేదు. హక్కున్న ఇళ్లవాళ్లే కలిసి ఉమ్మడి బ్రూవరీ కట్టుకున్నారు, దానికి "పౌరుల బ్రూవరీ" అనే పేరు పెట్టుకున్నారు. బవేరియాలోని విల్స్‌హోఫెన్ నుంచి జోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ని పిలిపించారు. ఆయన 1842 అక్టోబరు 5న తొలి కాపు కాచాడు, నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగనాడు జనం రుచి చూశారు. ప్రపంచమంతా పిల్స్‌నర్ అని పిలిచే లేత రంగు లాగర్‌కు మొదలు అదే. అంటే నువ్వు దేన్నయితే కంపెనీ బీరుకు నమూనా అంటున్నావో, అది ఇంటింటి హక్కుదారులు పెట్టుకున్న సహకార సంఘం లాంటి దాంట్లోంచి వచ్చింది.

ఇక్కడ నువ్వు ఊరుకోవు, నాకు తెలుసు. "గ్రోల్ బవేరియావాడు, ఈస్ట్ బవేరియాది, లేత మాల్ట్ ఆరబెట్టే పద్ధతి ఇంగ్లండుది, మరి స్థానికం ఎక్కడ?" అంటావు. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల మీదా నీ ఫిర్యాదు ఇదే కదా, జర్మన్ మాల్ట్, పరాయి హాప్స్ తెచ్చి లోకల్ అంటారేమిటని. ఆమాటకొస్తే లాగర్ ఈస్ట్ కూడా సంకరజాతే. రొట్టెకూ ఏల్‌కూ వాడే ఈస్ట్ ఒక తల్లి. రెండో తల్లి ఎవరో 2011 దాకా తెలియలేదు. ఆ ఏడాది పటగోనియా అడవుల్లో దక్షిణ బీచ్ చెట్ల మీద దొరికింది, తర్వాత టిబెట్‌లోనూ ఐర్లండ్‌లోనూ కనబడింది. పుట్టుక లెక్కన స్థానికత తేల్చాలంటే ఈ భూమ్మీద స్థానిక లాగర్ అన్నదే ఉండదు. సరుకు ఎక్కడిదన్నది కాదు ప్రశ్న. నీళ్లు ఎక్కడివి, ఎంతకాలం నిలవ ఉంచాలో నిర్ణయించేది ఎవరు, తయారైనచోటికి ఎంత దగ్గరలో తాగుతున్నారు అన్నవే ప్రశ్నలు. ప్లజెన్ నీళ్లలో లవణాలు చాలా తక్కువ. అందుకే జాటెట్స్ హాప్స్ చేదు నాలుకను గీరకుండా మెత్తగా దిగుతుంది. లవణాలు ఎక్కువున్న మ్యూనిక్ నీళ్లకు ముదురు రంగు బీరే బాగా కుదిరింది. మాల్ట్, వేడి నీళ్లు కలిపిన మాష్‌లో కొంత భాగాన్ని విడిగా తీసి మరగబెట్టి మళ్లీ కలపడం, అదీ మూడుసార్లు, ఇక్కడ ఇంకా సాగుతూనే ఉంది. కట్టెల ఖర్చూ మనిషి శ్రమా లెక్కేసేవాడు ఎప్పుడో మానేయాల్సిన పని అది.

ఈ బ్రూవరీ 2017 నుంచి జపాన్‌కు చెందిన అసాహి చేతిలో ఉందన్నది నీ చేతికి దొరికే మంచి ఆయుధం. ఒప్పుకుంటాను. యాజమాన్యం టోక్యోకు పోయాక "పౌరుల బ్రూవరీ" అనడంలో అర్థం చాలా తగ్గింది. కాని తాగే పద్ధతి మాత్రం ఇంకా ఊరిదే. ఇక్కడి పబ్బుల్లో పాశ్చరైజ్ చేయని బీరు ట్యాంకుల్లోకి వస్తుంది, త్వరగా అయిపోవాలి. మన తాటికల్లు చూడు, పొద్దున దించింది మధ్యాహ్నానికి ఇంకో సరుకైపోతుంది, అందుకే అది చెట్టుకు దూరంగా పోలేదు. ట్యాంకు బీరు గడియారం గంటల్లో కాక రోజుల్లో నడుస్తుంది. అంతే తేడా. పోసేవాడి పనితనం సంగతి వేరే చెప్పాలి. దట్టమైన తడి నురగ ముందు పోసి, దాని కిందినుంచి బీరు నింపుతారు. గ్లాసు దాదాపు మొత్తం నురగే ఉండేట్టు పోసేదాన్ని "మ్లీకో", అంటే పాలు, అని ప్రత్యేకంగా అడిగి తాగుతారు. డబ్బిచ్చి నురగ కొనుక్కోవడమేమిటని మన బార్‌లో అయితే తగువే.

విండిష్‌ఎషెన్‌బాఖ్, జర్మనీ
అక్టోబరు

బావా,

సరిహద్దు దాటి జర్మనీలో ఒబర్‌ఫాల్జ్ ప్రాంతానికి వస్తే నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. ఇక్కడి బీరును త్సోయిగల్ అంటారు. విండిష్‌ఎషెన్‌బాఖ్, నోయ్‌హౌస్, మిటర్‌టైఖ్, ఫాల్కెన్‌బెర్గ్, ఎస్లార్న్ అనే అయిదు ఊళ్లలో ఉమ్మడి బ్రూ హౌసులు ఇంకా పనిచేస్తున్నాయి. బీరు కాచే హక్కు మనిషికి కాదు, ఇంటికి ఉంటుంది. ఇల్లు చేతులు మారితే హక్కూ దానితోపాటే పోతుంది. వంతు వచ్చినవాళ్లు ఉమ్మడి బ్రూ హౌసులో కట్టెల మంట మీద మాల్ట్, హాప్స్ కాచి, ఆ తియ్యటి రసాన్ని వెడల్పాటి పళ్లెం లాంటి తొట్టిలో రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు ఎవరింటికి వాళ్లు తీసుకుపోతారు. ఈస్ట్ కలపడం, పులియబెట్టడం, వారాల తరబడి చలిలో నిలవ ఉంచడం, ఇదంతా సొంత నేలమాళిగలోనే. బీరు సిద్ధమైన ఇంటివాళ్లు గోడకు ఆరు కొనల నక్షత్రం వేలాడదీస్తారు. అది కనిపిస్తే వాళ్ల గదిలోనో పెరట్లోనో కూర్చుని తాగవచ్చు. తర్వాత నక్షత్రం ఇంకో ఇంటికి మారుతుంది. 2018లో జర్మనీ ఈ పద్ధతిని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఆలోచించు. ఒకే కుండలో వండిన రసం, ఒకే మాల్ట్, ఒకే నీళ్లు. అయినా ఒక ఇంటి బీరుకూ ఇంకో ఇంటి బీరుకూ పోలిక ఉండదని ఇక్కడివాళ్లు పంతం పట్టి చెబుతారు, ఫలానా ఇల్లంటే చెవికోసుకునేవాళ్లు ఉంటారు. ఆ తేడాను పుట్టించేది నేలమాళిగ చలి, ఈస్ట్, నిలవ ఉంచిన కాలం. వంట ఉమ్మడిది, ఓపిక ఎవరిది వాళ్లది. నువ్వు ఏల్‌కు ఇచ్చే గౌరవానికి ఆధారమేమిటి? అది చేసినవాడి చేతి గుర్తు గ్లాసులో తెలుస్తుందనే కదా. ఇక్కడ ఆ గుర్తు లాగర్‌లోనే తెలుస్తుంది, అదీ ఇళ్లలో చేసిన లాగర్‌లో.

చలికీ ఈ బీరుకూ ఉన్న ముడి చాలా పాతది. బవేరియాలో 1553లో డ్యూక్ అయిదో ఆల్బ్రెఖ్ట్ ఒక కట్టడి చేశాడు. సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకే బీరు కాచాలి, ఎండాకాలం కాచకూడదు. వేడిలో కాచిన బీరు పాడవుతోందన్నదే కారణం. ఆ కట్టడి వల్ల చలిలో నిదానంగా పనిచేసే ఈస్టే మిగిలి వర్ధిల్లింది. వేసవికి కావలసిన బీరు మార్చిలోనే చేసి, చెరువుల్లో కోసిన మంచుగడ్డలతో నేలమాళిగల్లో దాచారు, ఎండ తగలకుండా పైన చెస్ట్‌నట్ చెట్లు నాటారు. 1870లలో కార్ల్ ఫాన్ లిండె మ్యూనిక్ బ్రూవరీల కోసం శీతల యంత్రం తయారుచేశాక గాని చలి అన్నది ఎక్కడైనా, ఏ నెలలోనైనా డబ్బిచ్చి కొనుక్కునే సరుకు కాలేదు. ఫ్యాక్టరీ లాగర్ చరిత్ర అక్కడినుంచి మొదలవుతుంది. అంతకుముందు మూడు శతాబ్దాలకు పైగా లాగర్ నడిచింది యంత్రం మీద కాదు, రుతువు మీద.

అలాగని ఫ్యాక్టరీని తిట్టిపోస్తే అన్యాయమవుతుంది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన లాగర్ ఈస్ట్‌ను పెంచాడు. కంపెనీ దాన్ని దాచుకోకుండా ఇతరులకూ ఇచ్చింది. ఇవాళ చిన్నోడు కొనే పొడి ఈస్ట్ పొట్లం వెనక ఉన్నది ఆ పనే. ప్లజెన్‌వాళ్లు 36 పీపాలు పారబోయాల్సి వచ్చినట్టు వాడు పారబోయనక్కర్లేకపోవడానికి కారణమూ అదే. ఏ కాపు తీసినా ఒకే రుచి ఇవ్వగలగడం పెద్ద బ్రూవరీల ఘనత, అందులో ఇల్లు దాంతో పోటీ పడలేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ శుభ్రతను ఇంటికి తెచ్చుకోవచ్చు, నిలవ ఉంచే వారాలను మాత్రం ఫ్యాక్టరీలాగా కత్తిరించనక్కర్లేదు.

బాంబెర్గ్, జర్మనీ
అక్టోబరు చివర

బావా,

"లాగర్‌కు రుచే లేదు" అన్న మాట మీద ఇక వాదన అనవసరం, ఇక్కడి ష్లెంకర్లా బ్రూవరీ వాళ్ల గ్లాసు ఒకటి చాలు. బీచ్ కట్టెల పొగ మీద ఆరబెట్టిన మాల్ట్‌తో చేసిన ముదురు రంగు బీరు, ముక్కు దగ్గరికి తెస్తే పొగ పట్టిన మాంసం వాసన. మొదటి గుక్కకు చాలామంది మొహం చిట్లిస్తారు. అది కూడా లాగరే, కొండ కింద తవ్విన నేలమాళిగల్లో చలిలో నిలవ ఉంచినదే. ఒకప్పుడు మంట మీద ఆరబెట్టిన మాల్ట్‌కు ఎక్కడైనా ఎంతో కొంత పొగ పట్టేది. పొగ తగలని బట్టీ వచ్చాక మిగతా ఊళ్లు వదిలేశాయి, ష్లెంకర్లా, ష్పెట్సియాల్ అనే రెండు బ్రూవరీలు మాత్రం తమ మాల్ట్ తామే పొగబెట్టుకుంటూ ఉండిపోయాయి. దగ్గర్లోని ఆఫ్‌సెస్ అనే గ్రామం 1,500 మంది జనాభాకు నాలుగు బ్రూవరీలతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పోతే, ప్రపంచమంతటి చిన్న బ్రూవరీలకు మాల్ట్ పంపే వెయర్‌మాన్ కంపెనీ 1879లో మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. నువ్వు ఫిర్యాదు చేసే జర్మన్ మాల్ట్ సంచులకూ ఒక ఊరుందన్నమాట.

నీ వాదాల్లో నాకు నిజంగా బరువైనదిగా తోచేది ఒక్కటే, ఖర్చు. ఇక్కడి నేలమాళిగలో చలి ఊరకే వస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో ప్రతి డిగ్రీకీ కరెంటు బిల్లు కట్టాలి. పైగా గోధుమ బీరు రెండు వారాల్లో ట్యాంకు ఖాళీ చేస్తే, సరైన లాగర్ ఆరు వారాలు అదే ట్యాంకును ఆక్రమించి కూర్చుంటుంది. మన నగరాల మైక్రోబ్రూవరీలు గోధుమ బీరును ముందు పెట్టడంలో రుచి కన్నా ఈ లెక్కే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. దీన్ని కొట్టిపారేయలేను. కాని ఇది లాగర్ స్వభావం మీద ఆక్షేపణ కాదు, కాలం చూసుకుని చేయమన్న హెచ్చరిక. 1553 కట్టడి చెప్పింది కూడా అదే కదా. ఎండాకాలం ఏల్, గోధుమ బీరు పోసుకుని, డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని కాపులు లాగర్‌కు కేటాయిస్తే హైదరాబాద్ బ్రూవరీవాడికి నష్టమేమీ లేదు, రుతువు పేరు చెప్పి అమ్ముకునే వీలూ ఉంటుంది. ఇంటి సంగతి వేరు. మన రాష్ట్రాల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో కాచడం నేరం, కాబట్టి ఆ ప్రస్తావన నీకు కాదు. చెక్ దేశంలో ఇంటికి ఏడాదికి 2,000 లీటర్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, కస్టమ్స్‌వాళ్లకు తెలియజేస్తే చాలు. అమెరికాలో అధ్యక్షుడు కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల వరకు ఫెడరల్ పన్ను లేదు.

కొత్తగా వచ్చిన ఇంకో ఆక్షేపణ ఉంది, చిన్నోడే అన్నాడట: "వైహెన్‌స్టెఫాన్ నుంచి వచ్చిన 34/70 ఈస్ట్ 18 డిగ్రీల్లోనూ శుభ్రంగానే పులుస్తుంది, ఇంకా చలెందుకు?" నిజమే, చాలామంది ఇళ్లలో చేసేవాళ్లు అలా చేసి మంచి బీరే తీస్తున్నారు. కాని పులియడం వేరు, నిలవ ఉండటం వేరు. మొదటిది వెచ్చగా ముగిసినా, తర్వాత సున్నాకు దగ్గరగా గడిపే వారాల్లోనే ఈస్ట్ అడుక్కు దిగి, రుచి గుండ్రబడి, చేదు సర్దుకుంటుంది. దాన్ని తప్పించే పొట్లం ఇంకా అమ్మకానికి రాలేదు. లేత లాగర్‌లో తప్పు దాగదు కూడా. హాప్స్ దట్టించిన ఐపీఏలో కనబడని వెన్న వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన ఇందులో గ్లాసు ఎత్తగానే పట్టుబడతాయి. చేతిపని అన్న మాటకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఏల్‌లో ఎక్కడుందో నువ్వే చెప్పు.

వాడికి ఇది చేరవెయ్యి. పాత ఫ్రిజ్ ఒకటి కొని దానికి థర్మోస్టాట్ తగిలించుకోమను. మిషిగన్ చలికాలంలో గ్యారేజీయే సగం పని చేసిపెడుతుంది, ఫ్రిజ్ మిగతా సగం చూసుకుంటే చాలు. ఈస్ట్ ఏల్‌కు వేసేదానికి రెట్టింపు వేయాలి. లేత మాల్ట్ అయితే గంటన్నర మరగనివ్వాలి, మొక్కజొన్న వాసన పోయేది అప్పుడే. 10 డిగ్రీల్లో పులియబెట్టి, చివర్లో రెండు మూడు రోజులు 16 దాకా వేడెక్కనిస్తే వెన్న వాసనను ఈస్టే తినేస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు డిగ్రీల్లో అయిదారు వారాలు మూత తీసి చూడకూడదు. మొదటిసారే పిల్స్‌నర్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పు. మ్యూనిక్ మాల్ట్‌తో ముదురు రంగు డుంకెల్ చేయమను, చిన్న చిన్న తప్పుల్ని అది కాస్త కప్పుకుంటుంది. వాళ్ల నీళ్లలో సున్నం ఎక్కువని వాడన్నాడుగా, ఆ నీళ్లకు కుదిరేదీ అదే.