ఆరు స్టాండ్ల విమానాశ్రయం, 31 వేల ఆర్‌డీ

విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయం రన్‌వే పొడవు 3,360 మీటర్లు. దాన్ని 1:400 స్కేలుకు కుదిస్తే 8.4 మీటర్లు వస్తుంది. మంగళగిరిలో ఏ మధ్యతరగతి ఇంట్లోనూ అంత పొడవైన గది ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైన ఆ విమానాశ్రయానికి ఒకప్పుడు 2,286 మీటర్ల రన్‌వే ఉండేది. పెద్ద విమానాలు దిగేందుకు తర్వాత పొడిగించారు. ఆ పొడిగించిన ముక్క ఒక్కటే నమూనాలో 2.7 మీటర్లు, అంటే ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు కూడా దానికి సరిపోదు. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. అదైతే పది మీటర్లు దాటిపోతుంది.

మంగళగిరిలోని తన ఇంట్లో నమూనా విమానాశ్రయం కట్టాలనుకున్న ఈ వ్యాసకర్త అన్నిటికంటే ముందు వేసిన లెక్క ఇది. డబ్బు లెక్క దీని వెనకే వచ్చింది. స్కేలు తేలితే స్థలం తేలుతుంది, స్థలం తేలితే ఎన్ని విమానాలు పడతాయో తేలుతుంది, అప్పుడే ఖర్చు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఈ వరుస తిరగబడి, విమానాలు ముందు కొని వాటికి చోటు తర్వాత వెతికితే ఖర్చుకు హద్దే ఉండదు.

స్కేళ్లలో ప్రధానంగా మూడు ఉన్నాయి. 1:500లో ఎయిర్‌బస్ ఏ320 పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. జర్మనీకి చెందిన హెర్పా సంస్థ ఈ స్కేలుకు పేరు మోసింది. 1:400లో అదే విమానం 9.4 సెంటీమీటర్లు. జెమినీ జెట్స్, ఎన్‌జీ మోడల్స్, ఫీనిక్స్, జేసీ వింగ్స్ వంటి తయారీదారులు ఈ స్కేలులో ఉన్నారు. 1:200లో దాదాపు 19 సెంటీమీటర్లు, చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ పొడవు రెట్టింపయితే కావలసిన స్థలం నాలుగింతలు అవుతుంది, విమానం ధర కూడా ఎన్నో మెట్లు ఎక్కుతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నది మేడమీది చిన్నగదిలో ఒక గోడవార మాత్రమే కాబట్టి ఆయన 1:400 దగ్గర ఆగారు. ఆ స్కేలు చేతికి ఎలా ఉంటుందో తెలియాలంటే మంగళగిరి వాళ్లకు ఊళ్లోనే కొలబద్ద ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం ఎత్తు 153 అడుగులు. 1:400లో అది 11.7 సెంటీమీటర్లు. ఎయిర్‌బస్ ఏ321 పొడవు 11.1. రెండూ అరచేతిలో ఇమిడేవే.

రన్‌వే లేని విమానాశ్రయమేమిటని ఎవరైనా అడగవచ్చు. నిజానికి ప్రయాణికుడు ఎక్కువసేపు చూసేది రన్‌వేని కాదు. టెర్మినల్, దాని ముందు విమానాలు నిలిచే ఏప్రన్, సామాన్ల బళ్లు, ఇంధనం లారీలు, వెనక కార్ల పార్కింగు: కంటికి పని చెప్పేవన్నీ అక్కడే ఉన్నాయి. రన్‌వేకు దారితీసే టాక్సీవే బల్ల అంచు దాకా వెళ్లి ఆగిపోతే, రన్‌వే అవతల ఉందని చూసేవాళ్ల మనసే పూర్తిచేసుకుంటుంది. ఎనిమిదిన్నర మీటర్ల బల్ల, దాని కోసం ఒక గది, వాటి మీద పెట్టే డబ్బు, అన్నీ రన్‌వే వదిలేయాలన్న ఆ ఒక్క నిర్ణయంతో మిగిలాయి.

ప్లైవుడ్ షీటు 8×4 అడుగులు. 1:400లో అది 976 మీటర్ల పొడవు, 488 మీటర్ల వెడల్పు ఉన్న నేలతో సమానం. అయితే ఆ షీటును మేడమీదికి తీసుకెళ్లాలి. వడ్రంగి మెట్ల మలుపు ఒకసారి చూసి, "నాలుగు ముక్కలు చెయ్యకపోతే ఇక్కడ తిరగదండీ" అన్నాడు. 4×2 అడుగుల నాలుగు ముక్కలు. రేపు ఇల్లు మారినా బోల్టులు ఊడదీసి ఆటోలో వేసుకెళ్లవచ్చు.

ఆ రెండడుగుల వెడల్పు ఈ పథకం మొత్తానికి ఇరుసయింది. ఏ320, బోయింగ్ 737 తరగతి విమానాలను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కోడ్ సి అంటుంది. రెక్కల వెడల్పు 36 మీటర్లకు లోపు. స్టాండులో వాటి మధ్య కనీసం నాలుగున్నర మీటర్ల ఎడం ఉండాలి. అంటే ఒక్కో స్టాండుకు 40.5 మీటర్లు, నమూనాలో పది సెంటీమీటర్ల చిల్లర. రెండడుగులంటే 61 సెంటీమీటర్లు. సరిగ్గా ఆరు స్టాండ్లు. లెక్క ఇంత చక్కగా కుదరడం చూసి ఆయన పుస్తకంలో ఒక నియమం రాసుకున్నారు: స్టాండ్లు ఆరు, కాబట్టి విమానాలు ఆరే. ఏడోది కొనాలంటే ముందు ఒకటి అమ్మాలి, లేదా ఇంకో ముక్కకు ఫ్రేము కట్టాలి.

దిగుమతయిన మంచి 1:400 లోహపు నమూనాకు అప్పట్లో ఆయనకు పడిన ధర దాదాపు 5,000 రూపాయలు. ఆరింటికి 30,000. మిగతా విమానాశ్రయానికి, అంటే నాలుగింటిలో ముందుగా కట్టిన రెండు ముక్కలకు, అయిన ఖర్చు ఇది: వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ 3,600, వడ్రంగి కూలీ ఫ్రేములతో కలిపి 4,200, నేల ప్రింటింగు 1,600, టెర్మినల్‌కూ కంట్రోల్ టవర్‌కూ షీట్లు, లేజర్ కటింగు 3,800, రంగులు, కత్తులు, జిగురు 1,700, ఎల్‌ఈడీ దీపాలు, అడాప్టరు 1,300. మొత్తం 16,200. నేల, భవనాలు, దీపాలు అన్నీ కలిపినా విమానాల ఖర్చులో సగానికి కాస్త పైన. జేబుకు చిల్లుపడేది ఎక్కడో ఈ రెండు అంకెలు పక్కపక్కన రాస్తే తెలుస్తుంది. వడ్రంగి దగ్గర రెండు వందలకు బేరమాడి, రాత్రి పదకొండింటికి ఫోనులో ఐదువేల విమానం ఆర్డరు పెట్టేవాళ్లు ఈ అభిరుచిలో తక్కువేం కాదు.

డబ్బు ఎక్కడిది? ఇంటి వరుస మారలేదు. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ, పిల్లల ఫీజులు, ఆరు నెలల ఇంటి ఖర్చుకు పక్కనపెట్టిన డబ్బు, ఇవి ముందు. రిజిస్టరైన కంపెనీలో కడుతున్న చీటీ ఇంటి పెద్ద ఖర్చుల కోసం. దాన్ని ముట్టుకోకూడదని భార్యాభర్తలు మొదటే అనుకున్నారు. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లోంచి నెలకు 2,500 రూపాయలతో బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తెరిచారు. అప్పటి ఆరున్నర శాతం వడ్డీ మీద ఏడాది చివర చేతికొచ్చేది దాదాపు 31,050. అసలు 30,000, వడ్డీ వెయ్యి రూపాయల చిల్లరే.

వడ్డీ అంత తక్కువైనప్పుడు ఏడాది ఆగడం ఎందుకు, కార్డు మీద ఇప్పుడే కొనేయవచ్చు కదా అని స్నేహితుడొకరు అన్నారు. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. క్రెడిట్ కార్డు బాకీ కట్టకుండా వదిలేస్తే నెలకు మూడున్నర శాతం పడవచ్చు. 30,000 మీద ఒక్క నెలకు 1,050 రూపాయలు. డిపాజిట్ ఏడాదంతా సంపాదించి పెట్టే వడ్డీని కార్డు ఒక్క నెలలో మింగేస్తుంది. పైగా కార్డుతో కొనేవాడికి ఆలోచించే ఏడాది దక్కదు. ఆ ఏడాదిలో ఖర్చు లేకుండా జరిగే పని చాలా ఉంది.

భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఏరోడ్రోమ్ చార్టులను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతుంది. రన్‌వే, టాక్సీవే, ఏప్రన్ కొలతలు అందులో దొరుకుతాయి. విమానాశ్రయంలో ఫొటోలు తీయడానికి నిబంధనలున్నాయి కాబట్టి గోడ పక్కన కెమెరా పట్టుకుని నిలబడటం కంటే ప్రచురించిన చార్టు ముందేసుకోవడం మేలు. దాన్ని ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీయవచ్చు. డిపాజిట్ నెలనెలా పెరుగుతుంటే మేడమీద గీతలు పెరిగాయి. స్టాండుకు నడిపించే పసుపు గీత ఎంత వంపు తిరగాలి, విమానం వెనక ఇంకో విమానం వెళ్లడానికి ఎంత చోటు వదలాలి వంటివి కాగితం మీద చెరిపి రాస్తే ఖర్చుండదు. వినైల్ ప్రింటు తీశాక మార్చాలంటే మళ్లీ 1,600.

ఏ సంవత్సరపు విమానాశ్రయం అన్న ప్రశ్న పైకి అందం గురించినదిగా కనిపిస్తుంది, లోపల అది డబ్బు ప్రశ్నే. ఎయిర్ ఇండియా 2023 ఆగస్టులో కొత్త రంగులు ప్రకటించింది. కాలం ఎంచుకోనివాళ్లకు పాత రంగుల విమానమూ కావాలి, కొత్తదీ కావాలి. ఆయన 2018 డిసెంబరు ఎంచుకున్నారు. 2017 జనవరిలో ప్రారంభమైన గన్నవరం టెర్మినల్ అప్పటికి పాతబడలేదు. విజయవాడ నుంచి సింగపూర్‌కు ఇండిగో ఏ320 నేరుగా ఎగరడం మొదలుపెట్టిన నెల అది. కోణార్క చక్రం తోకతో ఎయిర్ ఇండియా, స్పైస్‌జెట్ క్యూ400, హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ ఏటీఆర్: అవన్నీ కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు ఎక్కి దిగిన విమానాలే. నెల ఖాయం కాగానే కొనాల్సిన జాబితా చిన్నదైంది.

ధరల్లో దిగుమతి సుంకం బరువు కూడా ఉంది. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. పెద్దల సేకరణ కోసం చేసిన నమూనాను బొమ్మ కింద లెక్కవేస్తారా లేదా అన్నది కస్టమ్స్ వర్గీకరణ మీద ఆధారపడుతుంది. అందుకే విదేశీ దుకాణంలో కనిపించే డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి సంబరపడకూడదు. రవాణా, సుంకం, పన్ను అన్నీ కలిపి ఇంటి గుమ్మంలో ఎంత పడుతుందో చూసుకోవాలి. ఇక్కడి అమ్మకందారు అడిగే ఐదువేలు, బిల్లుతో సహా, చాలాసార్లు అన్యాయమేం కాదు.

కృష్ణా డెల్టాలో ఏ ఇల్లు తట్టినా అమెరికాలో ఒక మనిషి ఉంటాడు. ఈ వ్యాసకర్త బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. "అన్నయ్యా, సంక్రాంతికి వస్తున్నా, రెండు విమానాలు పట్టుకొస్తా, డబ్బుల మాట ఎత్తకు" అన్నాడు. ఆయన ఎత్తారు. ఒక్కటే తెమ్మన్నారు, ఉచిత సామాను పరిమితి దాటకుండా. దాని ధర తమ్ముడి ఖాతాలో ముందే వేశారు. కానుకగా వచ్చినదానికి లెక్క పుస్తకంలో గడి ఉండదు, గడి లేనప్పుడు ఆరు విమానాల హద్దు నిలవదు. బంధువుల దగ్గర మొహమాటం వేరే ఖర్చు.

భార్య అడిగిన ప్రశ్న ఇంకా సూటిది. "ఏవండీ, రేపు అవసరమొచ్చి అమ్మితే ఎంతొస్తాయి?" కొన్ని పాత నమూనాలు కొన్నదానికంటే ఎక్కువ పలుకుతాయన్న మాట సేకర్తల్లో తరచూ వినిపిస్తుంది. ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. "సున్నా అనుకుందాం" అన్నారు. మంగళగిరి స్వర్ణకారులు నగల పనికి పేరున్నవాళ్లు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు అమ్మితే డబ్బయ్యే వస్తువు ఏదో, కళ్లకు ఆనందమిచ్చే వస్తువు ఏదో తేడా తెలుసు. నమూనా రెండో కోవది. సినిమాకూ తీర్థయాత్రకూ పెట్టే ఖర్చు లాగే అది ఖర్చు, పెట్టుబడి కాదు. పెట్టుబడి అన్న పేరు తగిలించిన మరుక్షణం హద్దులన్నీ సడలిపోతాయి.

పెట్టుబడిగా నమూనా విమానాశ్రయం కట్టిన చోటు ఒకటి నిజంగా ఉంది. జర్మనీలో హాంబర్గ్ నగరంలోని మినియేచర్ వుండర్‌లాండ్ 1:87 స్కేలులో క్నుఫింగెన్ విమానాశ్రయాన్ని 2011 మేలో తెరిచింది. ఆరేళ్ల శ్రమ, 35 లక్షల యూరోల ఖర్చు. విమానాలు వాటంతటవే కదిలి, రన్‌వే మీద పరుగెత్తి పైకి లేస్తాయి. ఆ డబ్బు టికెట్టు కొని వచ్చే సందర్శకుల నుంచి తిరిగి వస్తుంది. మేడమీది గదికి టికెట్టు లేదు కాబట్టి ఇక్కడి మొదటి ఏడాది హద్దు 31 వేలే.

ఈ నెమ్మది మన ఇళ్లకు కొత్తదేం కాదు. సంక్రాంతి బొమ్మల కొలువుకు ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చడం ఆనవాయితీ. ఆయన తల్లి కొలువులో కొండపల్లి తెల్లపొణికి కర్ర బొమ్మలు ఒక్కొక్కటిగా చేరి పల్లెటూరయ్యాయి. ఒకేసారి అంగడంతా కొనుక్కొచ్చిన కొలువు ఆవిడ ఎరగదు. మెట్ల మీద ఖాళీ ఉన్న ఏడాది కూడా కొలువు కొలువే.

విమానాశ్రయంలోనూ ఖాళీ స్టాండు లోటుగా కనిపించదు. గన్నవరంలో అయినా అన్ని స్టాండ్లూ రోజంతా నిండి ఉండవు. అందుకే మొదటి ఏడాది డిపాజిట్ చేతికి రాగానే 16,200 పోను మిగిలిన 15 వేల లోపు డబ్బుకు విమానాలు మూడే వచ్చాయి: రెండు ఏ320లు, ఒక ఏ321. 1:400లో మన సంస్థల ఏటీఆర్‌లు సులువుగా దొరకవు, దొరికినప్పుడు చూద్దామని దాని స్టాండు వదిలేశారు. మిగతా రెండు స్టాండ్ల మీద పసుపు గీతలు, అంకెలు, ఆగు గుర్తులు స్పష్టంగా కనబడుతున్నాయి. నిండిన ఏప్రన్ కంటే ఇదే నిజమైన విమానాశ్రయంలా ఉందని చూసినవాళ్లు అన్నారు, ఆయనా ఒప్పుకున్నారు.

ప్రింటు విషయంలో ఒక్క జాగ్రత్త. మెరిసే ఫ్లెక్సు మీద కాంక్రీటు కాంక్రీటులా కనిపించదు, దీపం పడితే నీళ్లు నిలిచినట్టు ఉంటుంది. మ్యాట్ వినైల్ అడగాలి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఎండలో జిగురు పొంగుతుంది, వర్షాకాలం తేమకు మామూలు ప్లైవుడ్ వంకర పోతుంది. వాటర్‌ప్రూఫ్ రకానికి మొదటే ఎక్కువ పెట్టడానికి కారణం ఈ వాతావరణమే. వంగిన బల్ల మీద అతికిన ప్రింటును విప్పి మళ్లీ వాడుకోవడం కుదరదు.

రెండో ఏడాది ఆర్‌డీ నడుస్తోంది, ఈసారి నెలకు 1,500. దాని మీద మూడు కోరికలు పోటీపడుతున్నాయి: నాలుగో విమానం, ఇంధనం లారీలూ బస్సుల సెట్టు, రెండు ముక్కల మీదికి అక్రిలిక్ మూత. దుమ్ము తుడిచిన ప్రతిసారీ విమానాల మీది వెంట్రుకంత యాంటెన్నాలకు ముప్పే, విరిగితే అతికించడం దాదాపు అసాధ్యం. ఉన్న మూడు విమానాల విలువ 15 వేలు, మూతకు చెప్పిన ధర 6,000. ఆయన మూతకు అడ్వాన్సు ఇచ్చారు. మిగిలేదాంట్లో లారీల సెట్టు వస్తుంది, నాలుగో విమానం మూడో ఏడాది జాబితాలోకి వెళ్లింది.