పురాపహారి

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాంపల్లి స్టేషనులో దిగి అక్కడికి నడచి వెళ్ళడం నాకు చిరకాలపు అలవాటు. 2001లో ఒక ఆదివారం 'నేషనల్ జియోగ్రఫిక్' 1999 నవంబరు సంచిక కంటబడింది. ఇరవై రూపాయలన్నాడు, బేరమాడి పదిహేనుకు తెచ్చుకున్నాను. అందులో ఒక శిలాజం బొమ్మ ఉన్నది. పక్షి దేహం, రాక్షసబల్లి తోక. పేరు ఆర్కియోరాప్టర్.

తెలుగు పండితుడు ఊరుకుంటాడా? దానికి 'పురాపహారి' అని నామకరణం చేసి, బొమ్మ కత్తిరించి, పాఠశాల గోడపత్రికలో అంటించి, క్రింద వ్యాసం వ్రాశాను. సంచికలో ఉన్నంత వ్రాసి ఊరుకున్నా పోయేది. అది కొమ్మపై కూర్చుండి తోకతో తూకం నిలుపుకొనేదనీ, తూనీగలను వేటాడేదనీ, పిల్లలకు ఈకలు మొలిచేదాకా తల్లి కాపలా ఉండేదనీ స్వయంగా కల్పించాను. ప్రబంధాలు చదివిన చేతికి వర్ణన ఒక పట్టాన ఆగదు.

కొన్ని వారాలకు తొమ్మిదో తరగతి బాలుడొకడు వచ్చి నిలబడ్డాడు. "సార్, మీరు రాసిన పక్షి అసలు లేనే లేదంట సార్. అతికించిండ్రంట."

వాడి మాట నిజమే. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన వేర్వేరు జీవుల శిలాజాలను ఒకే పలకగా అతికించి అమ్మారు. అది 1999లో అమెరికాలోని టూసాన్ రాళ్ళ సంతలో 80,000 డాలర్లకు చేతులు మారింది. శిలాజమున్న రాయిని చీల్చితే ఒకే అచ్చు రెండు పలకల మీదా ఉంటుంది. షూ షింగ్ అనే చైనా శాస్త్రవేత్త ఆ తోకకు జతపలకను వేరొక జంతువు దేహంతో చూసి, ఆ ఏడాది డిసెంబరులోనే గుట్టు విప్పాడు. కాళ్ళ సంగతి మరీ విడ్డూరం. ఒకే కాలి రెండు అచ్చులను రెండు కాళ్ళుగా పెట్టారు! వ్యాకరణంలో దీనిని ఆమ్రేడితం అనవచ్చునేమో. మొత్తం జంతువు మాత్రం వైరి సమాసం. ఏ పదానికి ఆ పదం సాధువే, కలపడమే దోషం. విద్యార్థుల వ్యాసాలలో అటువంటివి కనబడితే ఎర్రసిరాతో సున్న చుట్టేవాడిని.

2000 అక్టోబరులో ఆ పత్రిక తన పొరపాటు ఎలా జరిగిందో సుదీర్ఘంగా ప్రకటించింది. ఆబిడ్స్ కాలిబాట మీద ఆ సంచిక నాకు ఎదురుపడలేదు.

నేను చేసినదేమిటి? సాయంత్రం అందరూ వెళ్ళాక బొమ్మనూ వ్యాసాన్నీ గోడ మీదినుండి ఊడబెరికాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ ఏడాదే పిల్లలను నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్ళాము. అక్కడి కోటాసారస్ అస్థిపంజరానిది ప్రాణహిత-గోదావరి లోయలోని యామన్‌పల్లి. ఈకల జీవి కాదు, ఆకులు మేసే భారీకాయం. 1988లో యాదగిరిగారు దానికి శాస్త్రీయనామం పెట్టారు. తవ్వకంలో దొరికిన 840 ఎముకల భాగాలు కనీసం పన్నెండు జంతువులవి. వాటి నుండి ఒక్క ఆకారాన్ని నిలబెట్టారు. ఆ బాలుడే అడిగాడు. "సార్, ఇది గూడ అతికించిందే కద?"

"ఇవన్నీ ఒకే జాతివి నాయనా, పైగా ఆ సంగతి వారు దాచలేదు" అన్నాను. వాడు నా ముఖం వంక చూసి మిన్నకున్నాడు. ఆ చూపు నన్ను ఇన్నేళ్ళూ వదలలేదు.

ఊహించడం తప్పని అనను. విలియం బీబీ 1915లో నాలుగు రెక్కల పూర్వపక్షిని ఊహించి, ఊహగానే లోకం ముందుంచాడు. 2003లో నాలుగు రెక్కల మైక్రోరాప్టర్ శిలాజాలు నిజంగానే వెలువడ్డాయి.

ఆనాడు గోడ మీద వ్రాయవలసిన సవరణ ఇది. పురాపహారి అనే జంతువు లేదు. దాని ముందుభాగం యానోర్నిస్ అనే పక్షిది. అది చేపలు తినేదనడానికి దాని కడుపులోనే ఆధారం దొరికింది. తోక మైక్రోరాప్టర్‌ది, కాకి ప్రమాణం, నిగనిగలాడే నల్లని ఈకలు. రెండూ సుమారు 12 కోట్ల సంవత్సరాల నాటివి. తూనీగలూ, కాపలా ఉన్న తల్లీ నా కల్పన.