లంకమల చిట్టడవిలో కలివికోడి జాడ

ముదిగుబ్బ నుండి బయలుదేరి, కదిరి, పులివెందుల, వేంపల్లెల మీదుగా కడప చేరి, పెన్న దాటి లంకమల పాదమునకు పోవుదాక నా మనస్సున నొక్కటే ప్రశ్న మెదలుచుండెను: జెర్డాన్ అను వైద్యుడు 1848లో లోకమునకు తెలిపిన కలివికోడి యను పక్షి, 1900లో మా అనంతపురము చెంత కాంబెల్ అనునాతని కంటబడి, ఆ పిమ్మట 86 ఏండ్లు ఎవ్వరికిని కానరాక, తుదకు మా వైపున గాక ఈ కొండల క్రిందనే యేల దొరకెను?

లంకమల యనగానే చీకటి క్రమ్మిన మహారణ్యమును తలచుకొని వచ్చినవారికి ఇచట కనబడునది వేరు. ఎర్రచందనము కొండలయందున్నది గాని కలివికోడి అచటికి పోదు. రేగు, కలివి, తుమ్మ పొదలు ఎడనెడ నిలిచి, వాని నడుమ రాతినేల బోడిగా తేలియున్న దిగువ చిట్టడవియే దాని యిల్లు. పొదలు దట్టమైన పరుగెత్తుటకు చోటుండదు. పలుచనైన దాగుటకు మరుగుండదు. ఇట్టి నేలను చదును చేయుటకు ఒక యంత్రము చాలును.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సాయమున రెడ్డిపల్లె వద్ద ఈ పక్షిని మరల కనుగొనగా, 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము వెలసెను. తరువాత తెలుగుగంగ కాలువ త్రోవనుగూడ దీనికై మార్చిరి. గుక్కెడు నీటికి ఎదురుచూచు సీమలో జానెడు పక్షికై కాలువను మళ్ళించుట సామాన్యమైన త్యాగము కాదని నా నిశ్చయము.

అడవి కావలివాడు, అడుగుజాడలు పడుటకై పొదల నడుమ మెత్తని మట్టి పరచిన పట్టీ యొకటి చూపెను. వంగి చూచితిని: కుందేటి అడుగులు, పురుగు ప్రాకిన గీత, కౌజు నడచిన వరుస.

"కౌజుకు వెనకవేలుంటాది సార్. కలివికోడికి మూడే వేళ్లు, అన్నీ ముందరికే. రాత్రిపూట తిరిగేది కదా, కంటికి చిక్కదు."

ప్రొద్దు క్రుంకిన పిమ్మట కొంతసేపే కలివికోడి కూయునని విని చెవులు రిక్కించి నిలిచితిమి గాని, తీతువు అరపు దక్క మరొకటి వినబడలేదు.

మా ముదిగుబ్బ చుట్టునున్న రేగుపొదల దిన్నెలు బంజరు పేరిట చెల్లుచున్నవి. అచట ఎవరైన మట్టి పరచి చూచిరా? ఆ పట్టీ వేయు విధమెట్టిదని కావలివాని నడిగితిని. మట్టిని జల్లెడ పట్టవలెను, సాయంకాలమే పరవవలెను, గాలి లేచి గుర్తులు చెరపకమునుపే తెల్లవారి పోయి చూడవలెను అని చెప్పెను.