చదరంగము – స్త్రీ కాలము

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు బీడీలు చుట్టు సోదరీమణులకు వేయింటి లెక్కన కూలి గలదు. ఇంటిపనికి వెచ్చించు కాలమునకు మాత్రము లెక్క లేదు. ఔత్సాహికుల చదరంగపు పోటీలో నట్లు గాదు. బల్లపై రెండు ముఖముల గడియార ముండును. ఎవరి వంతు వచ్చిన వారి కాలమే తఱుగును; ఎదుటివారిది నిలిచి యుండును. ఆట ముగియువఱకు వారి నెవ్వరును పలుకరింపరాదు. "అమ్మా, మంచినీళ్లు" అను పిలుపు రాదు. కదపదలచి ముట్టిన పావునే కదపవలెను గనుక, నిదానముగా నాలోచించుటయే యచ్చటి పని.

గుడివాడలో జన్మించిన కోనేరు హంపి, తల్లియైన పిదప, 2019లో మాస్కో నగరమున ర్యాపిడ్ చదరంగమున స్త్రీల ప్రపంచ విజేత యయ్యెను. 2024లో న్యూయార్కునందు మరల గెలిచెను. మనమందఱ మంతవారము కానక్కఱలేదు. ఊరి పోటీలో నోడినను, రెండు గడియలు మన బుద్ధి మనదై యుండును. కావున బిడ్డను పోటీకి దోడ్కొనిపోవు తల్లి గోడవార నిలువక, తానును బల్ల కెదుట గూర్చుండవలెనని మేము కోరుచున్నాము.