తాళము తప్పిన దెవరు?

సోదరీమణులారా! అమలాపురమున మా యింట బొమ్మల కొలువునాఁడు అత్తగారి మంగళహారతిని కంప్యూటరున భద్రపఱచఁ దలఁచితిమి. తోడికోడండ్ర మిద్దఱము ముందుగా వీణను, తాళములను రికార్డు చేసితిమి. బ్లూటూత్ హెడ్‌ఫోనులో దానిని వినుచు అత్తగారు పాడిరి. రెంటిని కలిపి వినఁగాఁ బాట వెనుకఁబడినది.

“తాళము తప్పినదండీ” అంటిమి.

“వయసు మీఱినదమ్మా, ఇఁక నాచేతఁ గాదు” అని వారు లేచిపోయిరి.

ఏనాఁడును తాళము తప్పని మనిషి! మాకు మనసొప్పక, హెడ్‌ఫోనును మైకునకు ఆనించి, తాళముల చప్పుడునే మరల రికార్డు చేసితిమి. పాడువారు లేకున్నను అదియు వెనుకఁబడెను!

కంప్యూటరు శబ్దమును ధారగాఁ గాక, చెంబు నిండిన పిదప ఒలికించినట్లు పంపును. ఆ చెంబే బఫర్. సెకనునకు 48,000 నమూనాలైనచో, 1,024 నమూనాల బఫర్‌కు 21 మిల్లీసెకన్ల జాగు. 128కి తగ్గించిన మూఁడే. బ్లూటూత్ జాగు నూఱు మించుట సాధారణము.

కొలిచిన జాగు మేరకుఁ బాటను ముందునకు జరుపఁగా తాళమునఁ జక్కఁగాఁ గలిసెను. అత్తగారికి వినిపించి క్షమింపుఁడని వేఁడితిమి. తీఁగ హెడ్‌ఫోను తగిలించి రెండవ పాటయుఁ బాడించితిమి.

కావున, సోదరీమణులారా! ముందు యంత్రమును పరీక్షింపుఁడు. పిమ్మటనే పెద్దలను తప్పుపట్టుఁడు.